ఒకటో నంబరు జెర్సీ

మా బావ నడిపిన ఫుట్‌బాల్ జట్టులో నేను ఆరేళ్లు గోల్‌కీపర్‌గా ఉన్నాను. బావ అంటే మా అక్క భర్త. కవిటికి అవతల, కొబ్బరితోటలు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట మా ఊరు. ఒక తుపానుకి బావ వాళ్ల తోటలో సగం చెట్లు పడిపోయాయి. పడిన చెట్లు తీయించి, ఆ నేల చదును చేసి, సరుగుడు కర్రలు గోల్‌పోస్టులుగా పాతి, వాటి వెనక చిరిగిన చేపల వల కట్టి అదే మైదానం చేశాడు. మళ్లీ మొక్కలు నాటమని వాళ్ల నాన్న ఎంత చెప్పినా వినలేదు. బావకి ఆ ఆటంటే అంత పిచ్చి.

నాకు చిన్నప్పటినుంచీ పరుగు రాదు. కానీ బంతి మీదికి వస్తుంటే కళ్లు మూసుకోను. అది బావ కనిపెట్టాడు.

“నువ్వు పరిగెత్తనేవు గానీ బంతికి బయపడవురా. గోల్లో నిలబడు” అన్నాడు.

అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాన్న కిడ్నీలు పాడై పోయాడు. మా వైపు ఆ జబ్బు లేని ఇల్లు వెతుక్కోవాలి. నాన్న పోయాక నా అన్నం, నా బట్టలు, నా జ్వరాలు అన్నీ అక్కే చూసుకుంది. తరవాత పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో నాకు పని దొరికింది. పిక్కల్ని ఆవిరికి ఉడకబెట్టే బాయిలర్ దగ్గర పని. వారమంతా పలాసలో గదిలో ఉండేవాణ్ని. శనివారం మధ్యాహ్నానికి ఊరు చేరి, అక్క ఇంట్లో తిని, ఆదివారం ఆడి, సోమవారం తెల్లవారే బండెక్కేవాణ్ని. నా ఆదివారాలన్నీ ఆ సరుగుడు కర్రల మధ్యే గడిచాయి.

ఆ జపాన్ కుర్రాణ్ని నేను మొదట చూసింది పలాస గదిలో, ఫోన్‌లో. గోల్‌కీపర్ల వీడియోలు చూస్తుంటే తగిలాడు. ఐరోపాలో ఒక చలిదేశం, అందులో ఓ చిన్న పట్నం జట్టు, అందులో మూడో గోల్‌కీపర్ అతను. నాకంటే రెండేళ్లు చిన్నవాడు. ఆ దేశపు గోల్‌కీపర్లందరి పక్కనా పొట్టిగా కనిపించేవాడు. అతనూ సముద్రం ఒడ్డు ఊరివాడేనట, తండ్రిది చేపల వ్యాపారమట. ఆ దేశం వెళ్లిన కొత్తలో భాష రాక, అన్నం దొరక్క, గదిలో కుక్కర్ పెట్టుకుని వండుకునేవాణ్నని ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. కింద ఇంగ్లిష్‌లో అక్షరాలు పడుతుంటే ఆపి ఆపి చదువుకున్నాను. నా గదిలోనూ కుక్కర్ కూత పెడుతోంది అప్పుడు. అందుకే అంటుకున్నాడో ఏమో, ఇక వదల్లేదు.

రెండేళ్లు బెంచీ మీదే కూర్చున్నాడు. ఆట మొదలయ్యే ముందు మొదటి గోల్‌కీపర్‌కి బంతులు వేసి చేతులు వేడెక్కించడం, తరవాత కోటు కప్పుకుని కూర్చోవడం. కెమెరా ఎప్పుడైనా బెంచీ మీదికి తిరిగితే నేను ఫోన్ దగ్గరికి లాక్కునేవాణ్ని. తరవాత మొదటి గోల్‌కీపర్ వేలు విరిగింది. రెండోవాడు రెండు ఆటలు తేలిపోయాడు. అప్పుడు ఇతన్ని దింపారు. ఆ ఆదివారం సాయంత్రం నేను ఊళ్లోనే ఉన్నాను. అక్క ఇంటి అరుగు మీద బావా నేనూ ఒక ఫోన్ ముందు తలలు ఆనించి కూర్చున్నాం. అక్క వెనక నిలబడి చూసింది.

“ఈడేనేటి మనోడు? గెడకర్రలాగ ఉంటాడనుకున్నాను” అంది అక్క.

“పొట్టోడే గానీ సూడు, బంతి రాకముందే ఎల్లి కూకుంటన్నాడక్కడ” అన్నాడు బావ.

నిజమే. అతను ఎగిరి పట్టుకునేది తక్కువ. బంతి ఎక్కడికి వస్తుందో ముందే తెలిసినట్టు రెండడుగులు పక్కకి జరిగి నిలబడేవాడు. నేనూ అదే నేర్చుకోవడానికి ప్రయత్నించాను. బావ ఇసుకలో గీతలు గీసి, ఎక్కణ్నుంచి కొడితే నేను ఎక్కడుండాలో చూపించేవాడు. ఇద్దరం అతని వీడియోలు చూసి మరీ సాధన చేశాం.

ఆ ఏడాది చివరిదాకా అతనే ఆడాడు. ఆ జట్టు పై లీగుకి వెళ్లింది. చివరి ఆట అయ్యాక వాళ్ల కోచ్ మైదానంలోనే అతన్ని కావలించుకుని, వచ్చే ఏడు మా గోల్‌కీపర్ ఇతనే అని అందరి ముందూ చెప్పాడు. ఆ కుర్రాడు ఆ దేశపు భాషలో తడబడుతూ థాంక్స్ చెప్పాడు. మా అరుగు మీద బావ నా వీపు మీద చరిచాడు, ఆ మాట నా గురించే అన్నట్టు.

వినాయక చవితి రోజుల్లో, ఆటగాళ్లను కొనుక్కునే గడువు ముగిసే చివరి రోజున, ఆ జట్టు ఇంకో దేశం నుంచి పేరున్న పెద్ద గోల్‌కీపర్‌ని తెచ్చుకుంది. ఆ సంగతి ఇతనికి ఎవరూ ముందు చెప్పలేదు. సాధనకి వచ్చి చూస్తే తన లాకర్ పక్కన కొత్త మనిషి బూట్లు కట్టుకుంటున్నాడట. నేను ఆ వార్త అన్నం తింటూ అక్కకీ బావకీ చదివి వినిపించాను. బావ కంచం ముందు చెయ్యి ఆపేశాడు.

“నలుగురిలో మాటిచ్చినోడు, ఇంకొకణ్ని తెత్తన్నానని పిలిసి సెప్పొచ్చు గదా. మనిసి ముకం సూసి సెప్పడానికి ఏటి నొప్పి?” అన్నాడు.

“పాపం, ఆళ్లమ్మ ఎంత ఏడిసుంటాదో” అంది అక్క.

ఆ రోజు బావ కోపం నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. ఎక్కడో పరాయి దేశంలో ఒకడికి అన్యాయం జరిగితే ఇక్కడ అన్నం మానేసే మనిషి నా బావ అనుకున్నాను.

జీడితోటలు పూత మీదున్న రోజుల్లో టెక్కలిలో పోటీలు పెట్టారు. జిల్లాలో చాలా జట్లు వచ్చాయి. మేం ఎప్పుడూ మొదటి ఆటలోనే ఇంటికి వచ్చేసేవాళ్లం. ఆ ఏడు ఒక్కొక్కటీ గెలుచుకుంటూ సెమీఫైనల్ దాకా వెళ్లాం. సెమీఫైనల్లో నేనొక తప్పు చేశాను. పక్కనుంచి ఎత్తుగా వచ్చిన బంతి కోసం ముందుకొచ్చాను, అందలేదు, వెనక ఖాళీ గోల్లోకి తలతో కొట్టేశారు. అయినా మూడు రెండుతో మేమే గెలిచాం. తిరిగి వచ్చేటప్పుడు వ్యాన్లో బావ నా పక్కనే కూర్చున్నాడు.

“అది నా తప్పే బావా” అన్నాను.

“ఎవుడికైనా అవుతాది. వదిలీ. ఫైనల్లో సూసుకుందాం” అన్నాడు.

ఆ మాట పట్టుకుని పలాస వెళ్లిపోయాను. వారం రోజులు బాయిలర్ పని అవగానే రైల్వే మైదానంలో ఎవర్నో ఒకర్ని బతిమాలి ఎత్తు బంతులు వేయించుకున్నాను. ఆ వారమంతా మా ఊళ్లో ఏం జరిగిందో నాకు తెలియదు.

శనివారం మధ్యాహ్నం ఊరు చేరేసరికి అక్క పెరట్లో తీగ మీద కొత్త జెర్సీ ఆరుతోంది. పసుప్పచ్చ రంగు, వెనక పెద్ద ఒకటో అంకె. జట్టులో ఒకటో నంబరు గోల్‌కీపర్‌ది. నా పాత జెర్సీకి ఆ అంకె సగం ఊడిపోయి చాలా కాలమైంది. దగ్గరికెళ్లి భుజాలు పట్టుకుని చూశాను.

“ఎవులిదక్కా ఇది?” అన్నాను.

అక్క పొయ్యి దగ్గర ఉంది. చేప పులుసు కలుపుతోంది. వెనక్కి తిరగలేదు.

“నీదే. మీ బావ కొత్తది తెప్పించినాడు” అంది.

“ఇంత పెద్దదేటి? నాలాంటోళ్లు ఇద్దరు పడతారు.”

“ఉతికితే ఇంకా దగ్గిరకొత్తాదట. నువ్వు కాళ్లు కడుక్కుని రా, అన్నం ఎడతాను.”

తిన్నాను. బావ ఏడని అడిగితే సోంపేటలో పని ఉండి వెళ్లాడంది. రెండోసారి పులుసు పోసింది, వద్దన్నా మూడోసారి పోసింది. ఫైనల్ గురించి నేనే మాట్లాడుతూ ఉన్నాను. ఎత్తు బంతులు ఎలా పడుతున్నానో చేతులెత్తి చూపించాను. అక్క ఊఁ కొట్టింది. తిని లేచేటప్పుడు ఇంకోసారి పెరట్లోకి వెళ్లి జెర్సీ తడి ఆరిందో లేదో ముట్టుకుని చూసుకున్నాను. ఇది రాస్తుంటే కూడా ఆ ముట్టుకోవడం గుర్తొస్తే సిగ్గేస్తుంది.

రాత్రి నేను పడుకున్నాక వచ్చిన బావ, ఆదివారం పొద్దున్నే బైకు మీద ముందు వెళ్లిపోయాడు, నువ్వు వ్యాన్లో వాళ్లతో రా అని కబురు పెట్టి. జెర్సీలన్నీ బావే పట్టుకెళ్లాడు. ఎప్పుడూ వ్యాన్లో పాటలు, గోల. ఆ రోజు ఎవరూ మాట్లాడలేదు. ఫైనల్ కదా, భయపడుతున్నారనుకున్నాను. నేనే జోకులు వేశాను. నా పక్కన కూర్చున్న మా డిఫెండర్ కిటికీలోంచి తల తిప్పకుండా మందస దాటేదాకా బయటికే చూస్తూ కూర్చున్నాడు.

టెక్కలి మైదానంలో దిగేసరికి మా గోల్లో ఒక పొడుగాటి మనిషి ఉన్నాడు. పసుప్పచ్చ జెర్సీ అతనికి కొలిచి కుట్టినట్టు సరిపోయింది. బావ అతనికి బంతులు వేస్తున్నాడు. నన్ను చూసి బంతి కాలికింద ఆపి, ఇటు వచ్చాడు.

“బరంపురం నుంచి పిలిసినాను. ఫైనల్ ఒక్కటికే. ఆళ్లందరూ ఎత్తుగా ఉన్నారు, అన్నీ తలకాయ బంతులే యేత్తారు. నువ్వు ఏటీ అనుకోకు” అన్నాడు.

“ఎప్పుడనుకున్నావు బావా?”

“సెమీస్ అయిన తెల్లారే.”

“మరి వారం రోజులు ఎందుకు సెప్పనేదు?”

“సెప్దామనే అనుకున్నాను. ఫోన్ తీసీవోడిని, పెట్టీసీవోడిని. నీ గొంతు ఇంటే సెప్పలేననిపించింది.”

వ్యాన్ దిగినవాళ్లంతా దూరంగా బూట్లు కట్టుకుంటున్నారు. ఒక్కడూ తల ఎత్తడం లేదు. అప్పుడర్థమైంది, అందరికీ తెలుసు.

“అక్కకి తెలుసా?” అన్నాను.

బావ మైదానం వైపు చూశాడు. “తెలుసు” అన్నాడు.

బావ అంతకు ముందు చెప్పిందంతా విన్నాను, తట్టుకున్నాను. ఆ ఒక్క మాట మాత్రం తట్టుకోలేకపోయాను.

వెళ్లిపోవాల్సింది. వెళ్లలేదు. అందరూ చూస్తుండగా గేటు దాకా నడవాలి, అంత దూరం నడవలేననిపించింది. గీత బయట, నీళ్ల బిందె పక్కన కూర్చున్నాను. ఆట మొత్తం అక్కడే ఉన్నాను. బావ చెప్పినట్టే అవతలివాళ్లు ఎత్తు బంతులే వేశారు. బరంపురం మనిషి అన్నీ పళ్లు కోసినట్టు అందుకున్నాడు. ఒకటి ఒకటితో సమానమైతే పెనాల్టీలకి వెళ్లింది. రెండు ఆపాడు. మేం గెలిచాం. నా పక్కనుంచి అందరూ అరుచుకుంటూ మైదానంలోకి పరిగెత్తారు. నేనూ లేచి నిలబడ్డాను. నా చేతులు చప్పట్లు కొడుతున్నాయి, ఎందుకు కొడుతున్నానో తెలియదు.

ఆ గోల్‌కీపర్ మంచివాడు. సంబరాలు వదిలేసి నా దగ్గరికొచ్చి, ఒడియా యాసలో, “భాయి, మీ వేలు ఎలాగుంది? విరిగిందన్నారు కదా” అని అడిగాడు.

నేను పది వేళ్లూ చూసుకున్నాను. ఒక్కటీ విరగలేదు. నిజం చెబితే రావడానికి ఒప్పుకోడేమోనని బావ అతనికలా చెప్పాడన్నమాట. “తగ్గిపోయింది” అన్నాను. ఇంకేమనగలను?

ఫొటోకి పిలుస్తుంటే గేటు దాటాను. మొదట కనిపించిన ఆటో ఎక్కాను. అది కోటబొమ్మాళి వైపు వెళ్తోందని ఎక్కాకే తెలిసింది. సరే, వెళ్లనీ అనుకున్నాను. హరిశ్చంద్రపురం స్టేషన్లో దిగి, బల్ల మీద కూర్చుని, సాయంత్రం ప్యాసింజర్‌లో పలాస వెళ్లిపోయాను. దారిలో అక్క ఫోన్ చేసింది.

“ఎక్కడున్నావురా? అన్నం తిన్నావా?” అంది.

“ఆ జెర్సీ ఎవులిదక్కా?”

అక్కడ వ్యాన్ వచ్చిన హడావుడి వినిపిస్తోంది. డప్పు కూడా. కాసేపు ఆ డప్పే విని ఫోన్ పెట్టేశాను.

మూడు నెలలు ఊరెళ్లలేదు. బావ చేస్తే ఫోన్ ఎత్తలేదు. ఆ రోజుల్లో నా మనసులో తోడున్నవాడు ఆ జపాన్ కుర్రాడే. మన సంగతి మనిద్దరికే తెలుసు అనుకునేవాణ్ని. అప్పటికి అతను మళ్లీ బెంచీ మీద కోటు కప్పుకుని కూర్చుంటున్నాడు. జట్టు వదిలేస్తాడని, కోచ్‌ని కడిగేస్తాడని ఎదురుచూశాను. ఒక శనివారం వాళ్ల జట్టు పెద్ద జట్టుని ఓడించింది. ఆట అవగానే ఇతను బెంచీ మీంచి పరిగెత్తుకెళ్లి, తన చోటు తీసుకున్న ఆ గోల్‌కీపర్‌ని ఎత్తి కావలించుకున్నాడు. మైకు పెడితే నవ్వుతూ, అతని దగ్గర చాలా నేర్చుకుంటున్నానన్నాడు. నేను ఫోన్ పరుపు మీదికి విసిరేశాను. నువ్వు కూడానా అనిపించింది. నా పేరు కూడా తెలియని మనిషి మీద అంత కోపం తెచ్చుకోవడం పిచ్చితనమే. కానీ నిజంగానే అతను నాకు ద్రోహం చేసినట్టు అనిపించింది. ఆ రోజుతో అతని ఆటలు చూడ్డం మానేశాను.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం భోజనాల వేళ అక్క ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చింది. చేతిలో క్యారేజీ. కవిటి నుంచి ఆటో, బస్సు మారి వచ్చిందని చెమటలు చూస్తే తెలుస్తోంది. గోడ నీడన కూర్చున్నాం. క్యారేజీ విప్పబోతే వద్దన్నాను.

“ముందు సెప్పు. బావ సెప్పమన్నాడా అలాగ, నాదేనని?”

“నేదు. ఆయనకి తెలీదు. నానే అన్నాను.”

“ఎందుకు?”

“నువ్వు అప్పుడే బస్సు దిగొచ్చినావు. నిజం సెప్తే అన్నం తినకుండా ఎల్లిపోతావని. తిన్నాక సెప్దామనుకున్నాను. తిన్నాక నువ్వు ఆ సొక్కా ముట్టుకుని సూసుకుంటన్నావు. నోరు రానేదు.”

అది నమ్మాను. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. నేనే అడిగాను.

“నాను ఆడితే ఓడిపోతామనుకున్నావా నువ్వు?”

అక్క క్యారేజీ మూత తిప్పుతూ కూర్చుంది. మా అక్క ఆ శనివారం తప్ప నాకెప్పుడూ అబద్ధం చెప్పలేదు. ఆ గేటు దగ్గర కూడా చెప్పలేదు.

“అనుకున్నాను” అంది.

ఏడ్చాను. గేటు దగ్గర పప్పు ఒలిచే ఆడవాళ్లు అటూ ఇటూ పోతూనే ఉన్నారు. అక్క కొంగుతో నా ముఖం తుడవబోయి, మళ్లీ చెయ్యి వెనక్కి తీసుకుంది. కాసేపటికి క్యారేజీ విప్పింది. తిన్నాను. తినకపోతే ఆమె అంత దూరం వెనక్కి వెళ్లలేదనిపించింది.

తరవాత మందస జట్టువాళ్లు పిలిస్తే వాళ్లకి ఆడాను. మొదటి ఏడే మా ఊరి జట్టుతో తలపడ్డాం. బావ ఎదురుగా వచ్చి కొట్టిన బంతి ఒకటి ఆపాను, ఇంకొకటి ఆపలేకపోయాను. ఓడిపోయాం. ఆట అయ్యాక బావ వచ్చి, “మాటాడవేటి నాతోటి?” అన్నాడు. మాట్లాడుతున్నానుగా అన్నాను. అప్పటినుంచి మాట్లాడుతూనే ఉన్నాను. పంటల గురించి, వానల గురించి, పిల్లల చదువుల గురించి. ఆట గురించి మాత్రం అతను ఎత్తడు, నేను ఎత్తను.

ఆ జపాన్ కుర్రాడు ఏడాది తిరిగేలోగా ఆ జట్టు వదిలి, వేరే దేశంలో అంతకంటే చిన్న జట్టుకి వెళ్లాడు. అక్కడ ప్రతి ఆటా ఆడాడు. ఇప్పుడు పెద్ద లీగులో మొదటి గోల్‌కీపర్. ఈమధ్య ఎవరో పంపిన ఇంటర్వ్యూలో పాత సంగతి చెప్పాడు. కొత్త గోల్‌కీపర్‌ని చూసిన రోజు తన గదికి వెళ్లి వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట. కెమెరా ముందు మాత్రం తన ఏడుపు వాళ్లకి చూపించదలుచుకోలేదట. ఆ కావలింత అబద్ధమా అని అడిగితే, కాదు, అతని తప్పేముంది అన్నాడు. అది చూశాక బరంపురం మనిషి గుర్తొచ్చాడు. ఆ కోచ్‌ని క్షమించారా అని కూడా అడిగారు. అతను నీళ్ల సీసా అందుకున్నాడు. మళ్లీ అతని ఆటలు చూస్తున్నాను.

ఫ్యాక్టరీ మానేసి, వ్యాయామ విద్య చదివి, నేనిప్పుడు టెక్కలిలో ఒక బడిలో ఆటల మాస్టారినయ్యాను. పోయిన ఏడు ఒక పోటీకి మా గోల్‌కీపర్ పిల్లని పక్కనపెట్టి ఇంకొకర్ని దించాల్సి వచ్చింది. ముందు రోజే పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాను. చెప్పేముందు మైదానం చుట్టూ మూడుసార్లు తిరిగాను. బావ ఫోన్ తీసి పెట్టేసేవాణ్నన్నది అప్పుడు నమ్మాను. నమ్మినంత మాత్రాన మనసు సర్దుకోలేదు. ఆ పిల్ల వారం రోజులు బడికి రాలేదు. వాళ్లమ్మ వచ్చి నన్ను తిట్టి వెళ్లింది. తిట్లన్నీ నిలబడి విన్నాను.

సెలవలకి అక్క ఇంటికే వెళ్తాను. పులుసు అలాగే ఉంటుంది, అలాగే మూడుసార్లు పోస్తుంది. కబుర్లు చెబుతుంది, నవ్విస్తుంది. అక్క ఏదైనా చెప్పినప్పుడు మాత్రం, అది ఎంత చిన్న సంగతైనా, ఒక్క క్షణం ఆగి ఆమె ముఖం చూసి, అప్పుడు నమ్ముతాను. ఆ క్షణం అక్కకీ తెలుసు. నేను చూసేదాకా ఆగి, తరవాతే మిగతాది చెబుతుంది.